ఎండబెట్టిన శాంపిల్

నా విజిటింగ్ కార్డు మీద ‘ఇంపోర్ట్ మర్చండైజర్’ అని ఉండేది. గుంటూరులో కూర్చున్నవాడికి దిగుమతి ఏమిటని మా ఇంట్లో మొదటి రోజే అడిగారు. ఇక్కడి మిరపకాయలు ఓడెక్కి పోతుంటే మనకది ఎగుమతి, ఓడ దిగే చోట ఉన్నవాళ్ళకు దిగుమతి. నాకు జీతమిచ్చేవాళ్ళు ఓడ దిగే చోట ఉన్నారు. అక్కడి సూపర్ మార్కెట్లకు సరుకు అందించే కంపెనీ అది. వాళ్ళ తరఫున ఇక్కడ కాయ చూసి, శాంపిల్ పంపి, ఆర్డరు రాసి, కంటైనర్ కదిలేదాకా వెంటపడటం నా పని. ఇంత వివరంగా చెప్పినా మా అమ్మకు ఎక్కలేదు. “అంటే దళారీవా?” అంది. కాదన్నాను. ఆ తర్వాత దర్శి వైపు చుట్టాల్లో ఎవరడిగినా “ఏదో కంప్యూటర్ పని” అని చెప్పి ఊరుకునేది.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. మా ఆఫీసు బ్రాడీపేటలో మూడో అంతస్తులో ఒక గది. ఒక కంప్యూటర్, ఫోను తీగ మీద నత్తనడక నడిచే ఇంటర్నెట్, ఒక ఇనుప బీరువా, నేను. మేనేజరు చెన్నైలో ఉండేవాడు. సరుకు కొనే ఆవిడ సముద్రం అవతల ఉండేది. ఆవిడను నేనెప్పుడూ చూడలేదు, గొంతు కూడా వినలేదు. నాకు తెలిసినంతవరకు ఆవిడంటే పొద్దున్నే వచ్చే మెయిలు.

మా వ్యాపారం ప్రాణమంతా ఆ బీరువాలో ఉండేది. ఒక సరుకు ఖాయమైందంటే అవే కాయల్ని మూడు ప్లాస్టిక్ సంచుల్లో పోసి, మూతికి చీటీ అంటించి, దాని మీద అమ్మేవాళ్ళొక సంతకం, నేనొక సంతకం పెట్టేవాళ్ళం. ఒక సంచి కొనే ఆవిడకు కొరియర్‌లో పోయేది. ఒకటి నా బీరువాలోకి. మూడోది అమ్మేవాళ్ళ దగ్గర. ఇక ఆ ఏడాది పొడుగునా ఏ లాటు తయారైనా, ఆ సంచిలో కాయ పక్కన పెట్టి చూడాల్సిందే. రంగు ఎలా ఉంది, రంగు లేని తాలు కాయ ఎంత కలిసింది, తొడిమ ఎక్కడైనా మిగిలిందా, అన్నీ దాంతోనే తేల్చాలి. నా కళ్ళు ఏమన్నా, అమ్మేవాళ్ళు ఏమన్నా, సంచి చెప్పిందే చెల్లుతుంది. చేరిన కొత్తలో చెన్నైకి పిలిచి మూడు రోజులు నాకు నేర్పింది ఇదే.

తొడిమ తీసిన కాయ మాకు ఒకే చోటి నుంచి వచ్చేది. పెదకాకాని దాటాక రోడ్డుకు లోపలగా ఒక రేకుల షెడ్డు. నడిపేది ముస్లిం ఆవిడ, అప్పటికి యాభై దాటి ఉంటాయి. ఆవిడ భర్త మిర్చి యార్డులో కాటా గుమాస్తాగా చేసి పోయాడట. ఆయన పరిచయాలతోనే చిన్నగా మొదలుపెట్టి, నలభై మంది ఆడవాళ్ళు కూర్చునే షెడ్డు దాకా తెచ్చింది. కూలీలు ఆవిణ్ణి షెడ్డమ్మ అనేవాళ్ళు. నేను అమ్మా అనేవాణ్ణి. ఆవిడ నన్ను నాయనా అనేది, కోపమొస్తే ఆఫీసరు గారూ అనేది.

ఆ షెడ్డులోకి అడుగుపెట్టగానే ఎవరికైనా దగ్గు రావాల్సిందే. ముక్కులకు కొంగులు కట్టుకుని, వేళ్ళకు ఆముదం రాసుకుని వాళ్ళు వరసల్లో కూర్చుని తొడిమలు తుంచేవాళ్ళు. చంటిబిడ్డల తల్లులు పాలివ్వబోయే ముందు చేతులు మజ్జిగతో కడుక్కునేవాళ్ళు. ఆ మజ్జిగ కుండ షెడ్డు గుమ్మంలో ఎప్పుడూ నిండుగా ఉండేది, దాన్ని షెడ్డమ్మే నింపించేది. నేను దగ్గుతుంటే వాళ్ళకు నవ్వులాట. “మిరప చేలో పుట్టానంటాడు, దగ్గు చూడండే” అనేవాళ్ళు. నిజంగానే నేను మిరప చేలో పుట్టినంత పని అయిందని మా అమ్మ చెప్పేది. కాయ కోతల్లో నొప్పులొచ్చాయట.

ఒకసారి ఆవిడ దగ్గరుండాల్సిన మూడో సంచి చూపించమని అడిగాను. రెండు నెలలకోసారి అడిగి, ఉందని రాసుకోవాలి.

“అదా? పప్పులో వేశాం” అంది.

“అదేంటమ్మా, సీలు వేసిన శాంపిలు కదా.”

“నేను పంపిన సరుకు నాకు తెలీదా నాయనా? నన్ను నేను చూసుకోడానికి సంచెందుకు? బంగారం లాంటి కాయ. ఊరికే అట్టా కట్టి పెడితే పాపం కాదూ.”

నేనూ నవ్వాను. ఫారంలో మాత్రం ‘శాంపిల్ ఉన్నది’ అని రాసుకున్నాను. ఆవిడ మీద అప్పటికి నాకు అంత నమ్మకం. పైగా నా దగ్గరున్న సంచి ఎలాగూ భద్రంగా ఉంది.

శ్రావణమాసంలో ముసురు పట్టింది. పది రోజులు సూర్యుడు కనిపించలేదు. ఒకరోజు ఏదో కాగితం కోసం బీరువా తెరిస్తే ముక్కిన వాసన వచ్చింది. సంచి తీసి చూశాను. లోపల ప్లాస్టిక్‌కు చెమట పట్టినట్టుంది. కాయ నొక్కితే గలగలమనడం మానేసి మెత్తగా వంగుతోంది. తడికి చీటీ కూడా ఒక పక్క ఊడి వేలాడుతోంది. కాయ నెమ్మెక్కింది.

మిరపకాయ నెమ్మెక్కితే ఎండలో పోయడం మా ఇళ్ళలో ఎవరూ ఆలోచించి చేసే పని కాదు. ముక్కు కారితే తుడుచుకోవడం ఎలాగో అదీ అలాగే. ఎండాకాలం వస్తే మా డాబా మీద నడవడానికి చోటుండేది కాదు. కాయ ఎండబెట్టకుండా మూట కట్టిన ఆడమనిషి గురించి మా అమ్మ ఏడాదంతా చెప్పుకునేది. నేను ముసురు విడిచేదాకా చూసి, ఎండ రాగానే చీటీ జాగ్రత్తగా ఊడదీసి, కాయల్ని ఆఫీసు డాబా మీద పాత పేపర్ల మీద పోశాను. వాన వెలిసిన తర్వాత ఎండ మాడ్చేసింది. నాలుగు రోజులు పొద్దున పోసి సాయంత్రం ఎత్తాను, మధ్యాహ్నం ఒకసారి వెళ్ళి చేత్తో కలిపి వచ్చాను. కాయ మళ్ళీ గలగలలాడింది. చల్లారాక సంచిలో పోసి, చీటీకి గమ్ము రాసి అంటించాను. ఆ రోజు నా మీద నాకు గర్వంగా అనిపించింది. పంకా కింద కూర్చుని కీబోర్డు నొక్కే పనిలో మొదటిసారి చేత్తో ఏదో చేశాను మరి.

రంగు సంగతి నాకు తెలియదా అంటే తెలుసు. ఎక్కువ ఎండకు కాయ రంగు దిగుతుందని మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కానీ ఇంట్లో వాడుకునే కాయకు రంగు ఎవరు చూస్తారు, పురుగు పట్టకుండా ఉంటే చాలు. ఆ నాలుగు రోజులు నేను ఇంట్లో మనిషిగానే ఉన్నాను. ఐదో రోజు మళ్ళీ మర్చండైజర్‌ని అయ్యాను. సంచిలో కాయ రంగు దిగి ఉంటుందన్న సంగతి ఆ మర్చండైజర్‌కు గుర్తు రాలేదు.

దసరా వెళ్ళాక కంటైనర్ తయారైందని షెడ్డమ్మ ఫోను చేయించింది. నేను సంచి పట్టుకుని వెళ్ళాను. తొడిమలు తీసిన కాయ తెల్ల గోతాల్లో వరసగా పేర్చి ఉంది.

“నాయనా, ఇది బయట గోడౌన్లో ఉన్న సరుకు” అంది ఆవిడ. “నాకెందుకో రంగు కాస్త దిగినట్టుంది. ఏసీలో ఇంకో లాటుంది, వచ్చే ఆర్డరుకని దాచా. చూసి చెప్పు. ఇది కాదంటే రేప్పొద్దునే అది తీయిస్తా.”

ఏసీ అంటే కోల్డ్ స్టోరేజీ. అందులో పెట్టిన కాయ ఏడాదైనా కోసిన నాటి రంగులోనే ఉంటుంది. ఆవిడ అడిగింది ఒక్క మాట, అవునో కాదో. ఆ మాట చెప్పడానికే నాకు జీతం.

వాకిట్లో వెలుగు బాగున్న చోట తెల్లగుడ్డ పరిచి, ఒక పక్క నా సంచిలో కాయ, ఇంకో పక్క గోతాల్లోంచి తీసిన కాయ పోశాను. గోతంలో కాయే ఎర్రగా ఉంది. రెండోసారి వేరే గోతంలోంచి తీసి చూశాను. అదీ అంతే.

“అక్కర్లేదమ్మా. శాంపిల్ కంటే మీ సరుకే బాగుంది” అన్నాను.

“అవునా?” అని ఆవిడ వంగి చూడబోయింది. నేను గబగబా కాయ ఎత్తి సంచిలో పోసేశాను. ఆఫీసు శాంపిలు అమ్మేవాళ్ళ చేతికి ఇవ్వకూడదని రూలు. ఆవిడ నవ్వి, “సరేలే, చదువుకున్న కళ్ళు” అంది. పాసు చేస్తూ సంతకం పెట్టాను. మర్నాడు లారీ చెన్నై రేవుకు వెళ్ళిపోయింది.

నెలన్నర తర్వాత కొనే ఆవిడ దగ్గర్నుంచి ఫోటోతో మెయిలు వచ్చింది. ఆ రోజుల్లో ఫోటో ఒక్కసారిగా తెరుచుకునేది కాదు, పైనుంచి ఒక్కో చార దిగుతూ వచ్చేది. ముందు తెల్ల బల్ల అంచు కనిపించింది. తర్వాత రెండు కుప్పల నెత్తులు. ఎడమ పక్కది ముదురు ఎరుపు, కుడి పక్కది వెలిసిన ఇటుక రంగు. ఎడమది ఆవిడకు మేం పంపిన శాంపిలు, కుడిది మా సరుకు. బొమ్మ సగం దిగేసరికే నాకు మొత్తం అర్థమైంది. లేచి బీరువాలో సంచి తీసి కంప్యూటర్ పక్కన పెట్టాను. మూడు రంగుల్లో నాదే అన్నిటికంటే పాలిపోయి ఉంది.

అప్పుడు నాకు గుండె ఝల్లుమని ఉండాలి. ఏమీ కాలేదు. పంకాలో ఏదో టకటకమంటోంది, నూనె వేయించాలి అనుకున్నాను. కింద బజ్జీల బండివాడు ఎవరితోనో చిల్లర గురించి గొడవపడుతున్నాడు, అది పూర్తిగా విన్నాను. ఇప్పటికీ ఆ రోజు తలచుకుంటే ఆ గొడవే ముందు గుర్తొస్తుంది.

సరుకంతా వద్దని తిప్పి పంపారు. మేనేజరు ఫోను చేశాడు.

“లాటు నువ్వే చూశావు కదా? శాంపిల్‌తో పోల్చావా?”

“పోల్చాను సార్.”

“సరిపోయిందా?”

“సరిపోయింది సార్.”

“మరి ఇదేంటయ్యా?”

ఆ వెంటనే ఆయనే, “రిపోర్టు రాసి పంపు. ఆలోచించి రాయి” అన్నాడు.

ఆలోచించే రాశాను. పేజీన్నర రిపోర్టు. ఏ తేదీన వెళ్ళాను, ఎన్ని గోతాలు విప్పాను, ఏ వెలుగులో చూశాను, అన్నీ నిజాలే. చివర్న ఒక వాక్యం చేర్చాను. తనిఖీ తర్వాత సరుకు మార్చి ఉండే అవకాశాన్ని తోసిపుచ్చలేం అని ఇంగ్లీషులో. అందులో అబద్ధం ఎక్కడుంది, ఏ అవకాశాన్నయినా తోసిపుచ్చలేం కదా అనుకున్నాను. తోసిపుచ్చడం అనే మాటకు ఇంగ్లీషు స్పెల్లింగు సరిగ్గా ఉందో లేదో డిక్షనరీలో చూసుకున్నాను. పంపించి, కిందికెళ్ళి కాఫీ తాగి వచ్చాను.

ఎండబెట్టాను సార్, తప్పు నాదే అని రాయొచ్చు. రాస్తే ఉద్యోగం పోయేది, షెడ్డు నిలిచేది. ఇంత తేలిగ్గానే ఉంది లెక్క. అప్పుడు నేను భయపడ్డానని చెప్పుకుంటే కాస్త మర్యాదగా ఉంటుంది కానీ, భయం కూడా వేయలేదు. ఏదో ఫారం నింపినట్టు నింపాను.

రెండు రోజులకు జవాబు వచ్చింది. షెడ్డును మా సప్లయర్ల జాబితాలోంచి తీసేశారు. ఆ ఉత్తరం ఆవిడకు చేతికిచ్చి రమ్మన్నాడు మేనేజరు. నా దగ్గరున్న సంచిని కూడా వారంలోగా చెన్నైకి కొరియర్ చేయమన్నాడు.

నేను రెండూ పట్టుకుని పెదకాకాని వెళ్ళాను. సంచి ఎందుకు తీసుకెళ్ళానో నాకు స్పష్టంగా తెలీదు. కొరియర్ ఆఫీసు దారిలోనే ఉంది, దాని ముందునుంచే బస్సెక్కాను.

ఆ రోజు సోమవారం. అక్కడి శివుడి గుడికి పోయే జనంతో బస్సు కిటకిటలాడింది. షెడ్డులో ఎప్పటిలాగే ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఉత్తరంలో ఉన్నది తెలుగులో చెప్పాను. సరుకు రంగు శాంపిల్‌తో కలవలేదు కనుక ఇక ఆర్డర్లు ఉండవు అన్నంతవరకే చెప్పాను. ఆవిడ విని, “నువ్వు కలిసిందన్నావు కదా నాయనా. ఏదీ, ఆ సంచి నన్నొకసారి చూడనీ” అంది.

ఈసారి రూలు గుర్తు రాలేదు. సంచి ఇచ్చేశాను.

ఆవిడ చీటీ విప్పి ఒక కాయ తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. విరిచి వాసన చూసింది. గింజ ఒకటి నాలుక మీద వేసుకుంది.

“ఎండబెట్టావా?”

“అవునమ్మా. ముసురుకు నెమ్మెక్కింది.”

“మంచి పని చేశావు. చూస్తా చూస్తా బూజు పట్టనిస్తారా ఎవరైనా” అంది అలవాటుగా. చెయ్యి సంచిలోనే ఉండిపోయింది. నా మొహం వైపు చూసింది. “అయితే ఆ రోజు దీంతోనా చూసింది?”

“అవునమ్మా.”

పక్కనున్న వరసలో తొడిమలు తుంచుతున్న చప్పుడు ఆగింది. వాళ్ళు విన్నారో లేదో తెలీదు. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను, ఆ రోజంతటిలో నాకు కలిగిన కోరిక అదొక్కటే.

“ఇది వాళ్ళకు చూపిస్తే నీ ఉద్యోగం పోద్దా?” అంది.

“పోతుందమ్మా.”

“పోయిన ఆర్డరు ఎట్టాగూ రాదు. మళ్ళీ నీదెందుకు పోవాలి?” అంటూ సంచి తన చాట్లోకి వంపేసింది. “అడిగితే పురుగు పట్టిందని చెప్పు. నా శాంపిలు నేను తిన్నా, నీది పురుగు తిందిలే.” ఖాళీ సంచి మడిచి నా చేతిలో పెట్టింది. “ఒక్కటి మాత్రం చూడు నాయనా. సరుకు మంచిదేనని నీకు తెలుసు. వేరేవాళ్ళెవరైనా అడిగితే ఆ మాట చెప్పు. నేను ఇంకో కంపెనీ చూసుకుంటా. వీళ్ళందరూ ఎక్కడికి పోతారు?”

అలాగేనమ్మా అన్నాను. రిపోర్టులో చివరి వాక్యం సంగతి చెప్పలేదు. ఆవిడ నన్ను కాచిందంటే, నేను చేసింది ఒక్క పొరపాటే అనుకుని కాచింది. అప్పటికి నేను ఆవిణ్ణి దొంగని చేసి వారం కూడా కాలేదు. చెప్పడానికి నోరు తెరిచిన గుర్తు కూడా నాకు లేదు. బస్సు దొరుకుతుందో లేదో అని రోడ్డు వైపు చూస్తున్నాను.

చెన్నైకి ఫోను చేసి పురుగు పట్టిందన్నాను. మేనేజరు విసుక్కుని ఊరుకున్నాడు. మరుసటి నెల నుంచి, కంపెనీ కొత్తగా మొదలుపెట్టిన చీమకుర్తి గ్రానైట్ కొనుగోలు కూడా నాకే అప్పగించారు. వారంలో రెండు రోజులు ఆ దుమ్ములో, లారీల మధ్య తిరిగేవాణ్ణి. రాయికి నెమ్మెక్కదు, ఎండకు రంగు దిగదు. ఆ పని నాకు సుఖంగా ఉండేది.

ఆవిడ సంచి వంపుకున్న ఇరవై రోజులకు షెడ్డులో పనిచేసే ఒకామె ఆఫీసుకొచ్చి చిన్న స్టీలు డబ్బా ఇచ్చి వెళ్ళింది. నిండా కారం. “నీ శాంపిల్ కాయేనంట. మిల్లు పట్టించి పంపింది. రంగు లేకపోయినా ఘాటు ఉందని చెప్పమంది” అంది. వాళ్ళలో కొంతమంది అప్పటికే పొగాకు గ్రేడింగుకు పోతున్నారని కూడా చెప్పింది. డబ్బా నా గదికి తీసుకెళ్ళాను. అప్పుడు నేను ఒక్కణ్ణే వండుకునేవాణ్ణి.

ఎండలు ముదిరాక ఒక పొద్దున షెడ్డమ్మే వచ్చింది. మూడంతస్తులు ఎక్కి, ఆయాసపడుతూ గుమ్మంలో నిలబడింది. కుర్చీ వేశాను, నీళ్ళిచ్చాను.

“ఇద్దరు ఎక్స్‌పోర్ట్ వాళ్ళ దగ్గరికి వెళ్ళా నాయనా. మొదట బాగానే మాట్లాడతారు, తర్వాత ఫోనెత్తరు. యార్డులో ఎవరో అంటన్నారంట, నేను పాసైన సరుకు మార్చి పంపానని. నా ఇంట్లో అట్టాంటి పని ఎప్పుడన్నా జరిగిందా? ఆయన కాటా దగ్గర ముప్పై ఏళ్ళు చేశాడు, ఒక్కడు వేలెత్తి చూపించలేదు.” గ్లాసు బల్ల మీద పెట్టింది. “ఎవరు పుట్టించారు ఈ మాట? నీకేమైనా తెలుసా?”

ఆవిడ కూర్చున్న కుర్చీకి ఎదురుగా కంప్యూటర్. రిపోర్టు అందులోనే ఉంది.

“తెలీదమ్మా” అన్నాను.

“నువ్వొక్కడివే కదా నిజం తెలిసినవాడివి. నువ్వొచ్చి చెబితే నమ్ముతారేమో.”

“ఆఫీసు వాళ్ళు ఒప్పుకోరమ్మా.”

ఆవిడ తలూపింది. నా మీద అనుమానం ఆ మొహంలో ఎక్కడా లేదు. లేచి, కొంగు సర్దుకుని, గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

“కారం ఎట్టా ఉంది?”

“బాగుందమ్మా.”

“డబ్బా ఖాళీ అయితే ఎవరితోనన్నా పంపు” అని, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్ళింది.

చీమకుర్తి నుంచి రావాల్సిన కాగితాలు ఆ రోజు రాలేదు, పనేం లేదు. ఒంటిగంటకు క్యారియర్ విప్పాను. పై గిన్నెలో అన్నం, కింద గిన్నెలో నూనె కలిపిన ఆ కారం. కలుపుకుని, మొత్తం తిన్నాను.